నడుస్తున్న ప్రోగ్రామ్ లోపల ఏ లైబ్రరీ, ఏ వెర్షన్ ఉందో ఎలా తెలుస్తుంది?

పర్లాకిమిడి_ప్రెస్
మాది పర్లాకిమిడిలో ప్రింటింగ్ ప్రెస్. శుభలేఖలు, గుడి రసీదులు, స్కూలు సర్టిఫికెట్లు వేస్తాం. ఇక్కడ పెళ్లంటే ఒకే కార్డు మీద తెలుగూ ఉండాలి, ఒడియా కూడా ఉండాలి. పేర్ల జాబితా ఇస్తే కార్డు బొమ్మ మీద ఒక్కొక్క పేరూ వేసి ఇచ్చే చిన్న పైథాన్ ప్రోగ్రామ్ రాసుకున్నాను. బొమ్మ పని అంతా పిల్లో లైబ్రరీదే.

నా లైనక్స్ సిస్టంలో శుభ్రంగా వస్తోంది. అదే ప్రోగ్రామ్‌ని మా తమ్ముడి విండోస్ ల్యాప్‌టాప్‌లో పైఇన్‌స్టాలర్ అనే టూల్‌తో ఈఎక్స్ఈగా, అంటే డబుల్ క్లిక్‌తో నడిచే ఫైల్‌గా కట్టి గుణుపురం బ్రాంచిలో పెట్టాను. అక్కడ ఒత్తులన్నీ విడిపోతున్నాయి. 'శ్రీ' రావాల్సిన చోట శ, దానికో పొల్లు, పక్కన ర, ఆ ర మీద గుడిదీర్ఘం. 'లక్ష్మి' అయితే చూడలేం. ఒడియా యుక్తాక్షరాలదీ ఇదే గతి. కోడ్ అదే, ఫాంట్ ఫైల్ అదే.

వెర్షన్ తేడా అయి ఉంటుందని తెలిసినవాళ్లు అన్నారు. రెండు చోట్లా పిప్ లిస్ట్ (పైథాన్‌లో ఇన్‌స్టాల్ అయిన లైబ్రరీల జాబితా చూపే కమాండ్) కొట్టిస్తే పిల్లో 10.4.0 అనే చూపిస్తోంది. నాకు కావలసింది ఇది: ప్రోగ్రామ్ నడుస్తున్నప్పుడు 'నా లోపల ఫలానా లైబ్రరీ, ఫలానా వెర్షన్ ఉంది' అని అదే చెప్పాలి. గుణుపురంలో ఉన్న కుర్రాడికి డబుల్ క్లిక్ తప్ప ఇంకేమీ రాదు. మాఘమాసం ముహూర్తాలు దగ్గరికొచ్చాయి, చాలా టెన్షన్‌గా ఉంది.

వంశధార_వాసు
ఇంపోర్ట్ చేసిన దాని మీద డండర్ వెర్షన్ ప్రింట్ చెయ్యండి. అటు రెండు అండర్‌స్కోర్లు, ఇటు రెండు, మధ్యలో వెర్షన్. అయిపోయింది.

రాయగడ_రమణ
@వంశధార_వాసు అది పిల్లోకి ఉంది కాబట్టి సరిపోతుంది. అన్ని లైబ్రరీలకూ ఉండదు. అది ఆనవాయితీ మాత్రమే, నియమం కాదు. నియమం చేద్దామని పెప్ 396 అని ఒక ప్రతిపాదన పెట్టారు, దాన్ని చివరికి తిరస్కరించారు. ఫ్లాస్క్ అనే వెబ్ లైబ్రరీ 3.0 నుంచి ఆ పేరు వాడొద్దని హెచ్చరిక కూడా ఇస్తోంది.

పైథాన్ 3.8 నుంచి ఇంపోర్ట్‌లిబ్ డాట్ మెటాడేటా అని భాషతో పాటే వస్తుంది. అందులో వెర్షన్ అనే ఫంక్షన్‌కి ప్యాకేజీ పేరు ఇస్తే నంబర్ ఇస్తుంది. పాత కోడ్‌లో ఇదే పనికి ప్యాకేజ్ రిసోర్సెస్ అని కనిపిస్తే తీసెయ్యండి. అది ప్రోగ్రామ్ లేవడాన్నే నెమ్మది చేస్తుంది, పైగా ఇక వాడొద్దని వాళ్లే చెప్పేశారు.

బరంపురం_భాను
రమణ గారు చెప్పిన దాంట్లో ఒక మెలిక ఉంది. మెటాడేటాకి ఇవ్వాల్సింది పిప్‌తో ఇన్‌స్టాల్ చేసేటప్పటి పేరు, కోడ్‌లో ఇంపోర్ట్ చేసే పేరు కాదు. ఇంపోర్ట్ చేసేది పీఐఎల్, అడగాల్సింది పిల్లో. ఇంపోర్ట్ యామ్ల్, అడగాల్సింది పైయామ్ల్. సీవీ2కి ఓపెన్‌సీవీ హైఫన్ పైథాన్, బీఎస్4కి బ్యూటిఫుల్‌సూప్4, ఎస్‌కెలర్న్‌కి సైకిట్ హైఫన్ లెర్న్. పేరు తప్పితే ప్యాకేజీ దొరకలేదని ఎర్రర్ వస్తుంది, జనం లైబ్రరీయే లేదనుకుని మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తుంటారు. 3.10 నుంచి ప్యాకేజెస్ డిస్ట్రిబ్యూషన్స్ అనే ఫంక్షన్ ఉంది, ఏ ఇంపోర్ట్ పేరు ఏ ప్యాకేజీదో అదే చెబుతుంది.

పర్లాకిమిడి_ప్రెస్
రమణ గారు చెప్పినట్టు మెటాడేటాతో పెట్టి చూశాను. నా దగ్గర 10.4.0. ఈఎక్స్ఈలో మాత్రం ప్యాకేజీ దొరకలేదనే ఎర్రర్. పేరు పిల్లో అనే ఇచ్చాను, భాను గారూ.

కాశీనగర్_కుమార్
అన్నా, ముందు ఆ పిప్ లిస్ట్‌ని పక్కన పెట్టు. పిప్ లిస్ట్ చెప్పేది గుణుపురం కంప్యూటర్‌లో ఇన్‌స్టాల్ అయిన పైథాన్ సంగతి. నీ ఈఎక్స్ఈ ఆ పైథాన్ వైపు చూడనే చూడదు. మీ తమ్ముడి ల్యాప్‌టాప్‌లో కట్టిన రోజు అక్కడ ఏ పిల్లో ఉందో అదే లోపల కూర్చుని ఉంటుంది. ఇవాళ గుణుపురంలో పిల్లోని అప్‌గ్రేడ్ చేసినా, మొత్తం పీకేసినా ఈఎక్స్ఈకి తేడా ఉండదు.

మెటాడేటా ఎర్రర్‌కి కూడా కారణం అదే. పైఇన్‌స్టాలర్ కోడ్‌ని మూట కడుతుంది గానీ, ప్యాకేజీ వివరాలు ఉండే డిస్ట్ ఇన్ఫో ఫోల్డర్‌ని మామూలుగా తీసుకోదు. కట్టేటప్పుడు కాపీ మెటాడేటా అనే ఆప్షన్‌కి పిల్లో పేరు ఇస్తే తీసుకుంటుంది. లేదంటే వాసు చెప్పిన డండర్ వెర్షనే ప్రింట్ చెయ్యి. పిల్లోలో అది కోడ్ లోపలే రాసి ఉంటుంది కాబట్టి మూటతో పాటే వస్తుంది.

వంశధార_వాసు
నేను ముందే చెప్పాను :)

రాయగడ_రమణ
@వంశధార_వాసు పిల్లో వరకు నువ్వే కరెక్ట్, ఒప్పుకున్నాను. అన్ని లైబ్రరీలకూ అంటే మాత్రం ఒప్పుకోను.

సిరోంచ_సీను
ఇంకొకటి కలుపుతున్నా. మెటాడేటా అయినా, పిప్ లిస్ట్ అయినా డిస్క్ మీద ఏమి ఇన్‌స్టాల్ అయి ఉందో చెబుతాయి. ఇప్పుడు మెమరీలోకి ఎక్కింది అదేనా అన్నది వేరే సంగతి. అందుకే నంబర్‌తో పాటు మాడ్యూల్ డండర్ ఫైల్ కూడా ప్రింట్ చెయ్యండి. ఏ ఫోల్డర్‌లోంచి లోడ్ అయిందో పూర్తి దారి కనిపిస్తుంది.

మా దగ్గర ఒక పిల్లగాడు రిక్వెస్ట్స్ డాట్ పై అని సొంత ఫైల్ రాసి అదే ఫోల్డర్‌లో పెట్టిండు. పైథాన్ ముందు ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌లోనే వెతుకుతుంది కదా, అసలు రిక్వెస్ట్స్ బదులు అదే ఎక్కింది. మెటాడేటా మాత్రం అసలు లైబ్రరీ నంబరే చూపిస్తుంది. దారి ప్రింట్ చెయ్యగానే దొరికిపోయింది.

పర్లాకిమిడి_ప్రెస్
డండర్ వెర్షన్, డండర్ ఫైల్ రెండూ ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి రాసేలా పెట్టి కొత్త ఈఎక్స్ఈ పంపాను. కుర్రాడు నోట్‌ప్యాడ్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. పిల్లో 10.4.0, దారి కూడా ఈఎక్స్ఈ విప్పుకున్న టెంప్ ఫోల్డరే. అంటే వెర్షన్ ఒకటే. అయినా అక్కడ ఒత్తులు విడిపోతున్నాయి, ఇక్కడ కలుస్తున్నాయి. ఇప్పుడేం చెయ్యాలి?

మహేంద్రగిరి
ఇంతవరకు అందరూ పైపొర నంబర్ అడుగుతున్నారు. పిల్లో అక్షరాలు కలపదు. ఆ పని లోపల ఉన్న సీ లైబ్రరీలది. వాటిని అడగాలి.

పిల్లోలో అక్షరాలు వెయ్యడానికి రెండు పద్ధతులున్నాయి. ఒకటి బేసిక్. యూనికోడ్‌లో ఒక్కో కోడ్‌కి ఒక్కో బొమ్మ తీసి వరసగా పేర్చుకుంటూ పోతుంది. ఇంగ్లీషుకి ఇబ్బంది లేదు. మన 'శ్రీ' యూనికోడ్‌లో నాలుగు కోడ్‌లు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. బేసిక్ వాటిని ఆ నాలుగుగానే వేస్తుంది. నువ్వు మొదటి పోస్టులో రాసింది అక్షరాలా ఇదే. రెండోది రక్మ్. అది మూడు లైబ్రరీలను కలిపి పని చేయిస్తుంది. రాత ఎటునుంచి ఎటు నడవాలో ఫ్రిబిడి చెబుతుంది, ఒత్తులు, గుణింతాలు ఎలా కలవాలో హార్ఫ్‌బజ్ ఫాంట్‌ని చదివి తేలుస్తుంది, చివరికి గీసేది ఫ్రీటైప్.

పిల్లో 8.2 నుంచి పిప్‌తో వచ్చే ప్యాకేజీలో రక్మ్ లోపలే ఉంటుంది. కానీ ఫ్రిబిడిని మాత్రం ప్రోగ్రామ్ నడిచేటప్పుడు ఆ కంప్యూటర్‌లో వెతుక్కుంటుంది. లైనక్స్ డెస్క్‌టాప్‌లో ఫ్రిబిడి దాదాపు ఎప్పుడూ ఉంటుంది, మిగతా ప్రోగ్రామ్‌లకి కావాలి కాబట్టి. విండోస్‌లో ఉండదు. దొరక్కపోతే ఏ ఎర్రరూ లేకుండా బేసిక్‌కి వెళ్లిపోతుంది. రక్మే కావాలని కోడ్‌లో నువ్వు గట్టిగా అడిగితే కొత్త వెర్షన్లలో ఒక హెచ్చరిక ఇస్తుంది, అంతే.

పీఐఎల్ లోపల ఫీచర్స్ అనే మాడ్యూల్ ఉంది. అందులో చెక్ అనే ఫంక్షన్‌కి రక్మ్ అని ఇచ్చి చూడు, ఉందా లేదా చెబుతుంది. వెర్షన్ అనే ఫంక్షన్‌కి రక్మ్, ఫ్రిబిడి, హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్2 ఒక్కొక్కటీ ఇచ్చి చూడు, నంబర్లు ఇస్తుంది. లేకపోతే నన్ అని వస్తుంది. రెండు చోట్లా ఇవి రాయించి ఇక్కడ పెట్టు.

గంజాం_గిరి
ఫ్రిబిడి అంటే అరబిక్, ఉర్దూ లాంటి కుడి నుంచి ఎడమకి రాసే లిపుల కోసం కదా? తెలుగుకీ ఒడియాకీ దానితో ఏం పని?

మహేంద్రగిరి
@గంజాం_గిరి నేరుగా పని లేదు. కానీ రక్మ్ ముందు దిశ తేల్చుకున్నాకే ముక్కలను హార్ఫ్‌బజ్‌కి ఇస్తుంది. ఫ్రిబిడి లేకపోతే రక్మ్ లేవదు. రక్మ్ లేవకపోతే హార్ఫ్‌బజ్ లోపలే ఉన్నా దాన్ని పిలిచేవాళ్లు ఉండరు. పెళ్లికొడుకు బండి దిగకపోతే బాజాలన్నీ స్టేషన్‌లోనే ఆగిపోయినట్టు.

గంజాం_గిరి
బాగా చెప్పావు. అర్థమైంది.

పర్లాకిమిడి_ప్రెస్
మహేంద్రగిరి గారూ, దొరికింది! నా దగ్గర రక్మ్ ట్రూ, ఫ్రిబిడికి 1.0.13 అని వస్తోంది. గుణుపురంలో రక్మ్ ఫాల్స్, ఫ్రిబిడి నన్. ఫ్రీటైప్ మాత్రం రెండు చోట్లా ఒకే నంబర్. పిల్లో నంబర్ ఒకటే అయినా లోపల ఇంత తేడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు ఆ ఫ్రిబిడి ఎక్కడ పెట్టాలి?

మహేంద్రగిరి
విండోస్‌కి కట్టిన ఫ్రిబిడి డీఎల్ఎల్ (విండోస్‌లో లైబ్రరీ ఫైల్) సంపాదించి ఈఎక్స్ఈ ఉన్న ఫోల్డర్‌లోనే పెట్టు. డీఎల్ఎల్ కోసం విండోస్ ముందు చూసేది ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌నే. సిస్టం32లో పడెయ్యకు, రేపు ఇంకో ప్రోగ్రామ్‌తో తగువు వస్తుంది. ఒక్కటి చూసుకో: నీ పైథాన్ 64 బిట్ అయితే డీఎల్ఎల్ కూడా 64 బిట్ ఉండాలి. 32 బిట్‌ది పెడితే ఫైల్ కళ్ల ముందే ఉంటుంది, లోడ్ మాత్రం కాదు. అప్పుడూ మాట్లాడకుండా బేసిక్‌కే వెళ్తుంది.

కాశీనగర్_కుమార్
నిజంగా ఎక్కిందో లేదో బయటి నుంచి కూడా చూడొచ్చు. ప్రోగ్రామ్ తెరిచి ఉంచి కమాండ్ ప్రాంప్ట్‌లో టాస్క్‌లిస్ట్ స్లాష్ ఎం, పక్కన డీఎల్ఎల్ పేరు కొడితే, ఆ డీఎల్ఎల్‌ని ఎవరెవరు ఎక్కించుకున్నారో జాబితా వస్తుంది. మౌస్‌తోనే చూడాలంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ ఉంది. కింది సగంలో డీఎల్ఎల్‌లు, వాటి వెర్షన్, ఏ ఫోల్డర్‌లోంచి వచ్చాయో అన్నీ కనిపిస్తాయి. లైనక్స్‌లో అయితే ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబర్ ఫోల్డర్‌లో మ్యాప్స్ అనే ఫైల్ చదివితే చాలు.

బల్లార్షా_బాబు
మ్యాప్స్ ఫైల్ అంటే గుర్తొచ్చింది. ఎక్కువ మందికి తెలియని విషయం ఇది. సర్వర్‌లో లైబ్రరీ అప్‌డేట్ చేశాం, డిస్క్ మీద కొత్తది వచ్చింది, కమాండ్ లైన్‌లో అడిగితే కొత్త నంబరే చెబుతుంది. కానీ అప్పటికే నడుస్తున్న ప్రోగ్రామ్ పాత ఫైల్‌నే మెమరీలో పట్టుకుని ఉంటుంది. మ్యాప్స్‌లో ఆ లైబ్రరీ పేరు పక్కన డిలీటెడ్ అని పడుతుంది. అది కనిపిస్తే రీస్టార్ట్ చెయ్యాల్సిందే. డెబియన్, ఉబుంటుల్లో నీడ్‌రీస్టార్ట్ అనే ప్రోగ్రామ్ ఉంది, ఏ సర్వీస్‌లు పాతవి పట్టుకుని ఉన్నాయో వెతికి చెబుతుంది.

ఓపెన్‌ఎస్ఎస్ఎల్ అనే భద్రతా లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే లోపం బయటపడ్డ 2014 ఏప్రిల్‌లో దీని వల్లే చాలా చోట్ల ప్యాచ్ వేశాక కూడా రంధ్రం అలాగే ఉండిపోయింది.

బరంపురం_భాను
హార్ట్‌బ్లీడ్ విషయంలో నంబర్ ఇంకో రకంగా కూడా మోసం చేసింది. లోపం ఉన్నవి 1.0.1 నుంచి 1.0.1ఎఫ్ దాకా, సరిచేసింది 1.0.1జీ. కానీ డెబియన్ లైనక్స్ వీజీ విడుదలలో నంబర్ 1.0.1ఈ గానే ఉంచి, సరిచేసిన ముక్కను మాత్రం అందులో అతికించారు. తోకలో డెబ్7యూ5 అని మారింది. లైబ్రరీని అడిగితే 1.0.1ఈ అనే అంటుంది, అంటే లోపం ఉన్నట్టే లెక్క. నిజానికి లేదు. రెడ్‌హ్యాట్ వాళ్లదీ అదే పద్ధతి. కాబట్టి లైనక్స్ ప్యాకేజీల్లో లైబ్రరీ చెప్పే నంబర్‌తో పాటు డిస్ట్రిబ్యూషన్ ప్యాకేజీ నంబర్ కూడా చూడాలి.

వంశధార_వాసు
అయితే నంబర్ అడగడమే దండగ. పని చేస్తుందా లేదా అని ప్రయత్నించి చూసుకోవడమే మంచిది. ప్రెస్ అన్న సమస్య కూడా రక్మ్ ఉందా అని అడిగితేనే తెలిసింది, 10.4.0 అని తెలిస్తే ఏం ఒరిగింది?

రాయగడ_రమణ
@వంశధార_వాసు ఇది మాత్రం ఒప్పుకోను. ఉందా లేదా అని అడగాలంటే ఏది ఉండాలో ముందే తెలియాలి. తెలియనప్పుడు నంబరే దిక్కు.

నా సొంత కేసు చెబుతాను. రాయగడలో ఒక ధాన్యం కొట్టుకి లెక్కల ప్రోగ్రామ్ రాశాను, ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌తో. నా దగ్గర ఇన్సర్ట్ చివర రిటర్నింగ్ అని పెడితే కొత్త రసీదు నంబర్ వెంటనే వచ్చేది. కొట్టులో ఉబుంటు 20.04. అక్కడ రిటర్నింగ్ దగ్గర సింటాక్స్ ఎర్రర్. పైథాన్ నంబర్ చూస్తే ఏమీ తెలియదు. ఎస్‌క్యూలైట్3 మాడ్యూల్‌లో ఎస్‌క్యూలైట్ అండర్‌స్కోర్ వెర్షన్ అని ఉంటుంది, నడుస్తున్న అసలు లైబ్రరీ నంబర్ అది. అక్కడ 3.31.1 వచ్చింది. రిటర్నింగ్ వచ్చింది 3.35 నుంచి. నిమిషంలో తేలిపోయింది. అదే మాడ్యూల్‌లో ఉత్త వెర్షన్ అని ఇంకోటి ఉండేది, అది పైథాన్ పైపొర నంబర్, దానితో ఉపయోగం లేదు. పైథాన్ 3.14లో దాన్ని తీసేశారు, మంచి పని చేశారు. ఏ భాషలో ఉన్నా సెలెక్ట్ ఎస్‌క్యూలైట్ వెర్షన్ అని క్వెరీ కొడితే డేటాబేసే చెబుతుంది.

సిరోంచ_సీను
రమణ అన్న చెప్పింది నిజం. రెండూ కావాలి. కోడ్‌లో దారి ఎంచుకునేటప్పుడు ఫీచర్ అడగాలి. మనిషి చదివే లాగ్‌లో నంబర్ ఉండాలి.

మహేంద్రగిరి
సీ రాసేవాళ్లకి ఒక ముక్క. హెడర్ ఫైల్‌లో ఉండే నంబర్ కట్టిన రోజుది, ఫంక్షన్ ఇచ్చే నంబర్ నడుస్తున్న లైబ్రరీది. జెడ్‌లిబ్‌లో జెడ్‌లిబ్ వెర్షన్ అని పెద్దక్షరాల మ్యాక్రో (కంపైల్ చేసేటప్పుడే కోడ్‌లో కలిసిపోయే విలువ) ఉంది, దాదాపు అదే పేరుతో ఫంక్షన్ ఉంది. ఎస్‌క్యూలైట్‌లోనూ అలాగే మ్యాక్రో వేరు, లిబ్‌వెర్షన్ ఫంక్షన్ వేరు. కర్ల్‌కి కర్ల్ వెర్షన్ ఇన్ఫో. గ్లిబ్‌సీకి గ్నూ గెట్ లిబ్‌సీ వెర్షన్. మ్యాక్రో ప్రింట్ చేసి 'నా ప్రోగ్రామ్‌లో ఈ వెర్షన్ నడుస్తోంది' అంటే అది కంపైల్ చేసిన కంప్యూటర్ గురించి చెప్పిన మాటే. రెండూ ప్రింట్ చేసి, తేడా ఉంటే హెచ్చరిక రాయించండి.

ఫైల్ పేరులో ఉన్న అంకెను కూడా నమ్మొద్దు. కర్ల్ 7.16 నుంచి 8 వరసలో కూడా ఫైల్ పేరు లిబ్‌కర్ల్ డాట్ ఎస్ఓ డాట్ 4 అనే ఉంటుంది. ఆ 4 ముందే కట్టిన ప్రోగ్రామ్‌లతో పొందికకి గుర్తు, వెర్షన్ కాదు.

ధర్మాబాద్_దీపు
జావా వాళ్లెవరూ లేరా ఇక్కడ? 2021 డిసెంబర్‌లో లాగ్4జే (లాగ్ రాసే జావా లైబ్రరీ) భద్రతా లోపం గొడవ అప్పుడు మా మేనేజర్ అడిగిన ప్రశ్న అచ్చంగా ఈ టైటిలే. 'మన సర్వర్లలో నడుస్తున్న లాగ్4జే ఏ వెర్షన్?' 2.14.1 దాకా లోపం, 2.15 ఇచ్చారు, అది చాలదని 2.16, తర్వాత 2.17. అన్నీ ఒకే నెలలో. ఆఫీసులో ఎవరికీ నిద్ర లేదు.

జావాలో క్లాస్ నుంచి ప్యాకేజ్ తీసుకుని గెట్ ఇంప్లిమెంటేషన్ వెర్షన్ పిలవాలి. జార్ (జావా కోడ్ మూట) లోపల, దాని వివరాలుండే మ్యానిఫెస్ట్ ఫైల్‌లో ఆ లైన్ రాసి ఉంటేనే వస్తుంది, లేకపోతే నల్. మా సమస్య అదే అయింది. అన్ని జార్‌లనూ కలిపి ఒకే లావు జార్‌గా కట్టారు. అందులో మిగిలేది ఒక్క మ్యానిఫెస్టే, అది మా ప్రోగ్రామ్‌ది. లాగ్4జే నంబర్ అడిగితే మా నంబర్ వస్తోంది! అప్పుడు మెటా ఇన్ఫ్ కింద మావెన్ ఫోల్డర్‌లో ఒక్కో లైబ్రరీ నంబర్ రాసి ఉండే పామ్ ప్రాపర్టీస్ ఫైల్ వెతికి పట్టుకున్నాం. దానితో పాటు ప్రొటెక్షన్ డొమైన్ నుంచి కోడ్ సోర్స్, దాని లొకేషన్ తీసుకుంటే క్లాస్ ఏ జార్ లోంచి ఎక్కిందో తెలుస్తుంది. సీను చెప్పిన డండర్ ఫైల్ లాంటిదే.

బల్లార్షా_బాబు
@ధర్మాబాద్_దీపు డాట్‌నెట్‌లో ఇంకో రకం చిక్కు. ఒకే డీఎల్ఎల్‌కి మూడు నంబర్లు. అసెంబ్లీ వెర్షన్, ఫైల్ వెర్షన్, ఇన్ఫర్మేషనల్ వెర్షన్. న్యూటన్‌సాఫ్ట్ జేసన్ అనే లైబ్రరీ 13 వరసలో ఏది పెట్టినా అసెంబ్లీ వెర్షన్ 13.0.0.0 అనే చెబుతుంది, కావాలనే అలా ఉంచారు. అసలు నంబర్ ఫైల్ వెర్షన్‌లో ఉంటుంది. సపోర్ట్‌కి ఫోన్ చేసినప్పుడు ఒకరు ఒకటి చదివి, ఇంకొకరు ఇంకోటి చదివితే గంట గడిచిపోతుంది.

కాశీనగర్_కుమార్
గో భాష వాళ్లకి ఈ బాధ తక్కువ. కట్టిన ఫైల్ లోపలే మాడ్యూల్‌ల జాబితా అంతా ఉంటుంది. బయటి నుంచి గో వెర్షన్ హైఫన్ ఎం, లోపలి నుంచి రీడ్ బిల్డ్ ఇన్ఫో. రీడ్ బిల్డ్ ఇన్ఫో 1.12 నుంచి, గో వెర్షన్ హైఫన్ ఎం 1.13 నుంచి ఉన్నాయి.

వంశధార_వాసు
బ్రౌజర్‌లో జేక్వెరీ అయితే కన్సోల్‌లో డాలర్ డాట్ ఎఫ్ఎన్ డాట్ జేక్వెరీ అని కొడితే నంబర్ వస్తుంది. ఇది ఎందుకూ పనికిరాదనకండి, పాత సైట్లు బాగు చేసేవాళ్లకి రోజూ కావాలి.

గంజాం_గిరి
నాదో చిన్న ప్రశ్న. నంబర్ దొరికాక పోల్చేటప్పుడు 1.10 చిన్నదా 1.9 చిన్నదా? నా కోడ్ 1.10ని చిన్నది అంటోంది.

బరంపురం_భాను
@గంజాం_గిరి స్ట్రింగ్‌గా పోలిస్తే అలాగే అంటుంది, అక్షరం పక్కన అక్షరం చూస్తుంది కాబట్టి. 9 కంటే 1 ముందు. ఫ్లోట్‌గా మార్చినా అదే తప్పు. పైథాన్‌లో ప్యాకేజింగ్ అనే లైబ్రరీ ఉంది, దానిలో వెర్షన్ పార్స్ వాడు. బీటా, ఆర్‌సీ లాంటి తోకలు కూడా సరిగ్గా చూసుకుంటుంది.

గంజాం_గిరి
సరిపోయింది. థాంక్స్ భాను గారూ.

పర్లాకిమిడి_ప్రెస్
ఇవాళ ఉదయం గుణుపురం బండెక్కి నేనే వెళ్లాను. మొదట పెట్టిన డీఎల్ఎల్‌తో మార్పు లేదు, రక్మ్ ఫాల్స్ అనే వచ్చింది. మహేంద్రగిరి గారు చెప్పిన 64 బిట్ సంగతి చూస్తే ఆ ఫైల్ 32 బిట్‌దే. 64 బిట్‌ది పెట్టి ప్రోగ్రామ్ మూసి తెరిచాను. రక్మ్ ట్రూ. కుమార్ చెప్పిన టాస్క్‌లిస్ట్ కూడా కొట్టి చూశాను, మా ప్రోగ్రామ్ పేరు పక్కన ఫ్రిబిడి కనిపించింది.

మొదటి కార్డు మీద 'చి.ల.సౌ. శ్రీలక్ష్మి' వేశాను. క్ష కింద మ ఒత్తు పొందిగ్గా కూర్చుంది. ఒడియా పక్క కూడా యుక్తాక్షరాలు కలిశాయి. పక్కనే ఉన్న ఒడియా మాస్టారికి చూపించి సరిగ్గా ఉందనిపించుకున్నాను. అందరికీ చాలా చాలా థాంక్స్.

సిరోంచ_సీను
శుభం అన్న. ఇప్పుడు నా దగ్గర కూడా చూసుకోవాలి. మేము రసీదులు మరాఠీలో, తెలుగులో రెండింట్లో వేస్తాం. మరాఠీలో 'జ్ఞానేశ్వర్' అన్న పేరు ఒక కంప్యూటర్‌లో జ, ఞ విడివిడిగా వస్తుంది. ఫాంట్ పాడైందనుకుని ఫాంట్లు మారుస్తూ కూర్చున్నం. లాగ్‌లో ఏమేం రాయిస్తున్నావో చెప్తవా?

పర్లాకిమిడి_ప్రెస్
ప్రోగ్రామ్ లేవగానే పక్కన ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఇవి రాస్తుంది: తేదీ, పైథాన్ వెర్షన్, 32 బిటా 64 బిటా, పిల్లో నంబర్, దాని దారి, రక్మ్ ఉందా లేదా, ఫ్రిబిడి, హార్ఫ్‌బజ్, ఫ్రీటైప్ నంబర్లు, వాడుతున్న ఫాంట్ ఫైల్ పూర్తి దారి. పిల్లోవి అన్నీ ఒక్కసారే కావాలంటే ఫీచర్స్ మాడ్యూల్‌లో పిల్ఇన్ఫో అనే ఫంక్షన్ ఉంది, మొత్తం కుప్పగా రాసేస్తుంది. కుర్రాడు ఆ ఫైల్‌ని వాట్సాప్ చేస్తే చాలు.

ఇంకొకటి కూడా పెట్టాను. రక్మ్ ఫాల్స్ వస్తే ప్రోగ్రామ్ అక్కడే ఆగిపోతుంది, కార్డు వెయ్యదు.

వంశధార_వాసు
పూర్తిగా ఆపడం ఎందుకు? హెచ్చరిక చూపించి ముందుకెళ్లనివ్వొచ్చు కదా. ఇంగ్లీషు కార్డులు కూడా ఉంటాయి.

పర్లాకిమిడి_ప్రెస్
@వంశధార_వాసు హెచ్చరికకి ఓకే కొట్టేస్తారు. బంగారు అంచు కార్డు మీద పెళ్లికూతురి పేరు విరిగి అచ్చయితే ఆ కట్ట మొత్తం పనికిరాదు. ఖర్చు సరే, ఆ ఇంటివాళ్ల ముఖం చూడలేం. ఇంగ్లీషు కార్డుకి వేరే బటన్ పెడతాను.

రాయగడ_రమణ
ఆపడమే మంచిది. అక్కడ ఫీచర్ అడుగుతున్నావు, లాగ్‌లో నంబర్ రాస్తున్నావు. రెండూ ఉన్నాయి.

మహేంద్రగిరి
ఒక్క సలహా. ఫ్రిబిడి డీఎల్ఎల్‌ని చేత్తో పెట్టడం మానేసి, పైఇన్‌స్టాలర్‌కి యాడ్ బైనరీ ఆప్షన్‌లో ఇచ్చి మూటలోనే కట్టి చూడు. కట్టాక మాత్రం ఫ్రిబిడి ఎక్కడా లేని కంప్యూటర్‌లో నడిపి, లాగ్‌లో రక్మ్ ట్రూ వచ్చిందో లేదో చూసుకున్నాకే బ్రాంచికి పంపు. నీ సొంత సిస్టంలో చూస్తే అక్కడ ముందే ఉన్నది ఎక్కి ఉండొచ్చు.

పర్లాకిమిడి_ప్రెస్
అలాగేనండి. పాతపట్నంలో మా బావమరిది దగ్గర కొత్త విండోస్ ల్యాప్‌టాప్ ఉంది, అందులో పైథాన్ కూడా లేదు. సాయంత్రం అక్కడ నడిపి లాగ్ ఇక్కడ పెడతాను. సీనూ, నీ ఫైల్ కూడా పెట్టు, చూద్దాం.

సిరోంచ_సీను
పెడుతున్నా. రక్మ్ ఫాల్స్, ఫ్రిబిడి నన్. ఫాంట్‌ది తప్పేమీ లేదు.